దిష్టి సిఫారసు

జల, నివాస స్థాయీ సంఘం
డ్రాఫ్టింగు అధికారి దినచర్య పుస్తకం
కాలమ్: ఇతరములు

1వ రోజు, సోమవారం

ఏడింటికి పోటు సైరను మోగింది. నీళ్లు లోపలికి రాకుండా గుమ్మానికి చెక్కలు దింపి, మంచినీళ్ల డబ్బా పైగదికి చేర్చి, పడవబస్సు పట్టుకుని, కొండ మీది సభకు వచ్చేసరికి తొమ్మిదిన్నరయింది. ఇలాంటివి 'చేసిన పని' కాలమ్‌లో రాయకూడదట. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నెలాఖరుకు ఈ పుస్తకం దాఖలాల గదికి పోతుంది. అక్కడికి పోయినదాన్ని ఎవరూ చదవరని నాకు ఇరవై రెండేళ్ల అనుభవం.

పదకొండింటికి మా అరవై ఒకటో నివేదికను సభ ముందు పెట్టారు. పదకొండూ నలభైకి ప్రభుత్వం జవాబు వచ్చేసింది.

మునుపు జవాబుకు ఆరు నెలలు పట్టేది. మంత్రిత్వశాఖ వాళ్లు మా సిఫారసులను 'అంగీకరించాం', 'గమనించాం', 'అంగీకరించలేం' అని మూడు కుప్పలు పోసి పంపేవాళ్లు. మా ఈ నివేదిక అచ్చుకు వెళ్లాక, నెల కిందట, ఆ పనిని అమలు వ్యవస్థ అనే యంత్రానికి అప్పగించారు. మేం దాన్ని కొత్తకోడలు అంటాం. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, ఎందుకని అడగదు. దాని చేతికి వెళ్లిన మా మొదటి నివేదిక ఇదే.

పద్నాలుగు సిఫారసులు పంపాం. పద్నాలుగూ అంగీకరించింది.

పక్క సీట్లలోవాళ్లు చప్పట్లు కొట్టారు. మా కార్యదర్శి జోగినాథం గారు మాత్రం కొట్టలేదు. నేనూ కొట్టలేదు.

ఎందుకో ఇప్పుడు రాయక తప్పదు. పసిబిడ్డకు బుగ్గన నల్లచుక్క పెడతారు కదా, మా ప్రతి నివేదికకూ అలాంటి చుక్క ఒకటి ఉంటుంది. చిట్టచివరి సిఫారసు అది. ఎవరూ ఒప్పుకోలేనంత కఠినంగా రాస్తాం. మంత్రిగారు దాన్ని చూసి అమ్మో అని, ప్రజల పక్షాన నిలబడి కొట్టేసి, ఆ ఊపులో మిగతావాటికి సరే అనాలి. దాన్ని మేం దిష్టి సిఫారసు అంటాం. సభ్యులకు ఈ సంగతి తెలియదు. ముప్ఫై ఏళ్ల కిందట జోగినాథం గారు మొదలుపెట్టిన ఆనవాయితీ ఇది. దీనికి ఒకటే నియమం. రాసేవాళ్లు తమ సొంత ఊరి మీదే రాసుకోవాలి. ఎందుకండీ అని నేను చేరిన కొత్తలో అడిగితే, "రాసేటప్పుడు చెయ్యి వణకాలమ్మా" అన్నారు.

మా ఊరు గువ్వలంక. సముద్రం కంటే నిలువెత్తు కిందికి ఉంటుంది. నాలుగు వందల పన్నెండు ఇళ్లు, చుట్టూ కరకట్ట, నాలుగు పంపులు. ఊటనీరూ వాననీరూ పంపులు రాత్రింబవళ్లు తోడి పోస్తేనే ఊరు ఊరుగా ఉంటుంది. ఈసారి తొమ్మిదో సిఫారసులో గువ్వలంక కరకట్టను ఎత్తు పెంచాలని రాశాను. దానికోసమే ఈ తంటా అంతా. పద్నాలుగోదిగా, గువ్వలంక పంపులను ఆపేసి ఆ కరెంటును కొండ మీది మంచినీటి కేంద్రానికి మళ్లించాలని రాశాను.

రెండింటికీ సరేనంది కొత్తకోడలు. కట్ట పెంచడానికి మూడేళ్లు. పంపులు ఆపడానికి ఇరవై ఒక్క రోజులు.

2వ రోజు, మంగళవారం

పద్నాలుగో సిఫారసు విషయమై వివరణ కోరుతూ అర్జీ పంపాను. జవాబు నిమిషంలో వచ్చింది. "సిఫారసు స్పష్టంగా, ఆధారాలతో ఉంది. ముప్ఫై వేల మందికి మంచినీరు అందుతుంది. గువ్వలంకవాసులకు శిబిరంలో చోటు కేటాయించాం. సంఘానికి అభినందనలు."

ఆధారాలతో ఉంది! ఉండదూ మరి! పైపైన రాస్తే మంత్రిగారికి అనుమానం వస్తుందని, ఒక్కో పంపు గంటకు ఎంత కరెంటు లాగుతుందో, ఆ కరెంటుతో ఎన్ని బిందెల మంచినీళ్లు తయారవుతాయో లెక్కలు కట్టి మరీ రాశాను. రాసి, చదువుకుని మురిసిపోయాను కూడా. ఇరవై రెండేళ్లలో అంత బాగా రాసిన సిఫారసు ఇంకొకటి లేదు. నా నేర్పు తగలెయ్య.

జోగినాథం గారి గదికి వెళ్లాను. ఆయన ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు. బల్ల మీద కాగితాలు ఒక్కొక్కటే సర్దుకుంటున్నారు.

"సార్, ఏం చేద్దామండీ?"

"కంగారు పడకమ్మా దమయంతీ. ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఎప్పుడూ ఆగుతూనే ఉంది కదా."

"ఆపేవాళ్లెవరండీ ఇప్పుడు? మనిషే లేడు కదా అవతల."

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

5వ రోజు, శుక్రవారం

మా తమ్ముడు సత్తిపండు ఫోన్ చేశాడు. గువ్వలంక పంపులు నడిపే డ్రైవరు వాడే. మా నాన్న తరువాత వాడు. వెనక పంపుల మోత వినిపిస్తూనే ఉంది.

"అక్కా, కరెంటోళ్లు వచ్చి స్టార్టర్ల మీద ఎర్ర రంగేసి పోయేరు. ఆదివారం గాక, ఆ పై ఆదివారమూ గాక, ఆ పై ఆదివారం మద్దేన్నం పన్నెండుకి ఆపెయ్యాలంట. ఎవుడక్కా ఇది రాసినోడు?"

బల్ల మీద నా ముందున్న నివేదిక ప్రతిని బోర్లించాను.

"ఆడెవడో గానీ మహా ఘటికుడు. ఏ పంపు ఎంత లాగుద్దో కాయితంలో పక్కాగా ఏసేడు. మన లెక్కలు ఆడికెవరిచ్చేరంటావ్?"

ఆ లెక్కలు ఇచ్చింది వాడే. రెండు నెలల కిందట ఫోన్‌లో అడిగాను, ఆఫీసు పనికి కావాలన్నాను. అక్క అడిగిందని వాడు పంపు పంపుకూ వెళ్లి మీటరు చూసి మరీ చెప్పాడు. వాడికి ఆ సంగతి గుర్తు రాలేదు. అక్క మీద అనుమానం వచ్చే మనిషి కాదు వాడు.

"నువ్వు అక్కడే ఉన్నావు కదా, పెద్దోళ్లకి ఓ మాట సెప్పక్కా" అన్నాడు. చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాక మరుగుదొడ్డిలోకి వెళ్లి ఏడ్చాను. 'చేసిన పని' కాలమ్‌లో 'వివరణ అర్జీ, రెండో ప్రతి' అని రాశాను.

8వ రోజు, సోమవారం

సంఘం అధ్యక్షురాలు ఇందుమతి గారిని కలిశాను. పోటు వల్ల ఆవిడ పడవ ఆలస్యమైంది. వసారాలో గంటన్నర నిలబడ్డాను.

"పద్నాలుగోది వెనక్కు తీసుకోవాలండీ" అన్నాను.

"మనమే అడిగి, మనమే వద్దంటే ఏం బాగుంటుంది దమయంతి గారూ? అయినా అందులో తప్పేముంది? లెక్కలు చూశాను, బ్రహ్మాండంగా ఉన్నాయి."

"మనుషులున్నారండీ అక్కడ."

"శిబిరం ఇస్తున్నారుగా."

శిబిరం అంటే ఉప్పు మడుల పక్కన రేకుల షెడ్లు. నేను చూశాను. ఒక్క కుళాయికి నూట యాభై మంది.

ఆవిడ చెడ్డమనిషి కాదు. నా మొహం చూసి కూర్చోమంది. నిబంధనల పుస్తకం తెప్పించింది. వెనక్కు తీసుకోవాలంటే సంఘం సమావేశం కావాలి, మెజారిటీ కావాలి, కారణం దాఖలు చెయ్యాలి. ఆ కారణం నిజమో కాదో కొత్తకోడలు సరిచూస్తుంది. నిజం కాదని తేలితే ఓటింగు చెల్లదు.

"నిజమైన కారణం తెచ్చి ఇవ్వండి, బుధవారం కాక వచ్చే బుధవారం సమావేశం పెడతాను" అంది.

నా దగ్గర నిజమైన కారణం ఒక్కటే ఉంది. అది చెప్తే నా ఉద్యోగం ఒక్కటే పోదు.

11వ రోజు, గురువారం

సెలవు పెట్టి గువ్వలంక వెళ్లాను. కరకట్ట ఎక్కితే ఇటు సముద్రం పాదాల దగ్గర, అటు ఇళ్ల కప్పులు పాదాల కింద. కప్పుల మీద మిరపకాయలు ఎండుతున్నాయి. ఎవరి ఇంట్లోనో రోలు చప్పుడు. ఇంకో పది రోజులకు పంపులు ఆగితే, ఆపైన ఈ కప్పులే పైకి కనిపిస్తాయి.

ఊళ్లో అందరూ అరుస్తున్నారు, తిడుతున్నారు, అర్జీలు రాస్తున్నారు. పోలమ్మ ఒక్కతే అరవడం లేదు. అరుగు మీద మూడు మూటలు కట్టి పెట్టుకుని కూర్చుంది. ఆమెది ఈ ఊరు కాదు, మట్టపాడు. ముప్ఫై ఏళ్ల కిందట ఆ ఊరి గట్టు నిర్వహణ ఆపేశారు. ఊరు మునిగితే కట్టుబట్టలతో ఇక్కడికి వచ్చి, మా లంకలో స్థిరపడింది.

"అప్పుడే మూటలెందుకు పోలమ్మత్తా? ఇంకా రోజులున్నాయి కదా" అన్నాను.

"అప్పుడూ ఇలాగే అన్నారమ్మా. మాకూ ఓ కాయితం వొచ్చింది. ఎవరంపేరో ఈనాటికీ తెల్దు. మా ఊరు ఒక్కసారి సూసినోడైతే ఆ కాయితం రాయలేడు."

అక్కడ ఇంకొక్క నిమిషం నిలబడలేకపోయాను. తిన్నగా పంపుల గదికి వెళ్లాను. నాలుగు పంపులూ ఆడుతుంటే ఆ గదిలో పక్కమనిషి మాట వినపడదు. నా తప్పు నేను గొంతు చించుకుని అరిచి చెప్పుకోవాల్సి వచ్చింది.

"సత్తిపండూ! ఆ కాగితం నేనే రాశాను!"

"ఏంటీ?"

"నేనే రాశానురా! నువ్విచ్చిన లెక్కలతోనే!"

వాడు చేతిలోని నూనెగుడ్డ కింద పెట్టాడు. నన్ను బయటికి తీసుకొచ్చి, తలుపు మూసి, మొత్తం చెప్పమన్నాడు. దిష్టి సిఫారసు సంగతీ, సొంత ఊరి నియమమూ, కొత్తకోడలి సంగతీ అన్నీ చెప్పాను. వాడు గోళ్లలోని నూనెమడ్డి గీక్కుంటూ విన్నాడు. తిట్టినా బాగుండేది.

"మన ఊరే దొరికిందా అక్కా నీకు?" అన్నాడు ఆఖరికి.

"మన ఊరి మీదే రాయాలిరా. అదీ నియమం."

"అయితే ఆ ఆదివారం నువ్వే రా. మీట నువ్వే ఆపు. నాన్న ఏసిన పంపుల్ని నా సేత్తో నేను ఆపను."

తిండి పెట్టకుండా మాత్రం పంపలేదు. చేపల పులుసు వడ్డించి, నేను తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు.

14వ రోజు, ఆదివారం

జోగినాథం గారింటికి వెళ్లాను. ఐదో అంతస్తు. వరండాలో డబ్బాలో టమాటా మొక్కకు తన వంతు మంచినీళ్లలోంచి పోస్తున్నారు.

"సార్, బుధవారం సమావేశంలో చెప్పేస్తానండి. ఆనవాయితీ సంగతి మొత్తం."

"ఆలోచించే అంటున్నావా?" అన్నారు. "లంకలకు కాన్పుల పడవ మన నివేదికల్లోంచే వచ్చింది. పడవబడులు వచ్చాయి. పోటు సైరన్లు వచ్చాయి. మన నివేదికల్లో ఉత్తుత్తి సిఫారసులున్నాయని తెలిస్తే అరవైకి అరవై తిరగదోడతారు. కొత్తకోడలికి జాలి ఉండదమ్మా. అన్నీ మళ్లీ కొలుస్తుంది."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. మూడు రోజులుగా నాకు నిద్ర లేనిది అందుకే. గువ్వలంకను కాపాడబోయి ఇంకో లంకకు కాన్పుల పడవ లేకుండా చేస్తానేమో. ఆ పాపం ఎవరికి చెప్పుకోను?

"నిజమేనండి. అలాగని మా ఊరిని ముంచేయమంటారా?"

"నా పేరు రాకుండా చూడు. నెలాఖరుకు వెళ్లిపోయేవాణ్ణి."

"మొదలుపెట్టింది మీరే కదండీ. మొదటి నివేదికలో మీరు దేని మీద రాశారు? మీ ఊరేదో కూడా ఎప్పుడూ చెప్పలేదు మీరు."

ఆయన మొహం అటు తిప్పుకున్నారు. చేతిలోని చెంబు ఒంపుతూనే ఉన్నారు. డబ్బా నిండి, పొంగి, మంచినీళ్లు గచ్చు మీద పారాయి. చుక్క నీరు వృథా చేస్తే మందలించే మనిషి, చూస్తూ ఊరుకున్నారు. నేనే చెంబు అందుకుని పక్కన పెట్టాను.

17వ రోజు, బుధవారం

పొద్దుటి పోటుకు చెక్కలు దింపడం మరిచిపోయాను. కింది గదిలో చీలమండదాకా నీళ్లు. అలాగే వదిలేసి వచ్చాను.

పదకొండింటికి సమావేశం. పదమూడు మంది సభ్యులు. ఇందుమతి గారి వెనక కుర్చీలో కార్యదర్శిగా జోగినాథం గారు. గోడకు కొత్తకోడలి తెర. అధికారులు సాక్షి కుర్చీలో కూర్చునే అలవాటు లేదు. మేం ఎప్పుడూ పక్కన కూర్చుని రాసుకుంటాం. ఆ కుర్చీ అంత ఎత్తుగా ఉంటుందని ఇవాళే తెలిసింది.

చెప్పేశాను. ఎవరినీ తప్పించలేదు, నన్ను అసలే తప్పించుకోలేదు. ఒక సభ్యుడు నవ్వాడు. ఇంకొకాయన బల్ల గుద్దాడు. "సొంత ఊరి కోసం కథలల్లుతోందండీ ఈవిడ!" అన్నాడు.

"సరిచూడండి" అన్నాను. "ప్రతి నివేదికలోనూ చివరి సిఫారసు ఏ ఊరి మీద ఉందో చూడండి. ఆ నివేదిక రాసిన అధికారి సర్వీసు పుస్తకంలో స్వస్థలం ఏముందో చూడండి. ముప్ఫై ఏళ్లలో ఆరుగురం రాశాం. అందరివీ చూడండి."

తెరలోంచి కొత్తకోడలి గొంతు వినిపించింది, ఎప్పటిలాగే నిదానంగా.

"అరవై ఒక్క నివేదికల్లో అరవై సరిపోయాయి. ఈ అరవైలో, ప్రస్తుత నివేదిక మినహా, చివరి సిఫారసు ప్రతిసారీ తిరస్కరణకు గురైంది. మొదటి నివేదిక సరిపోలేదు. రాసిన అధికారి స్వస్థలం ఆరుమళ్ల. సిఫారసులోని ఊరు మట్టపాడు. స్థితి: అంగీకరించారు, అమలైంది. ఈ ఒక్కటీ ఎందుకు వేరుగా ఉందో తెలియనిదే ఆనవాయితీ అని నిర్ధారించలేను. ఎందుకు?"

అది ఎందుకని అడగడం నేను వినడం అదే మొదటిసారి. కానీ నా చెవిలో మట్టపాడు అన్న మాట ఒక్కటే మిగిలింది. మూడు మూటలు, అరుగు, పోలమ్మ. జోగినాథం గారి వైపు చూశాను. ఆయన మినిట్సు రాస్తున్నట్టే వంగి ఉన్నారు. కలం కదలడం లేదు.

జవాబు లేకపోతే గువ్వలంక అయిపోయినట్టే. ఆ జవాబు ఒక్క మనిషి దగ్గరే ఉంది. పేరు పెట్టి పిలవాలని నోరు తెరిచాను, పిలవలేకపోయాను. ఇరవై రెండేళ్లు నాకు పని నేర్పిన మనిషి.

ఇందుమతి గారు సమావేశం ముగించడానికి సుత్తి అందుకోబోతుండగా ఆయన లేచారు.

"నేను చెప్తానండి" అన్నారు. "మొదటి నివేదిక నాది. అప్పటికింకా సొంత ఊరి నియమం లేదు. మంత్రిగారు కొట్టెయ్యడానికి ఏదో ఒక ఊరు కావాలి. పటంలో వెతికితే చిన్న అక్షరాల్లో మట్టపాడు కనిపించింది. నేనా ఊరు చూడలేదు. గట్టు నిర్వహణ ఆపమని రాశాను. మంత్రిగారు ప్రయాణపు తొందరలో ఉండి, అన్నింటికీ కలిపి ఒకే సంతకం పెట్టేశారు. నేను చెప్పి ఆపించి ఉండవచ్చు. భయపడి చెప్పలేదు. రెండు వందల ఇళ్లండీ. ఆ తరువాతే ఈ నియమం పెట్టాను."

"వివరణ దాఖలాలతో సరిపోయింది. కారణం నిజం" అంది కొత్తకోడలు.

ఓటింగు ఏడుకు ఆరు. పద్నాలుగో సిఫారసు వెనక్కు వచ్చింది. దానితోపాటే, పాత నివేదికలన్నింటినీ మళ్లీ పరిశీలిస్తానని కొత్తకోడలు ప్రకటించింది. నన్నూ జోగినాథం గారినీ సస్పెండు చేశారు. కాన్పుల పడవ ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఏడుగురు చేతులెత్తినప్పుడు నాకు సంతోషం కలిగిన మాట నిజం. ఆ వెంటనే భయమేసిన మాటా నిజం.

మెట్ల దగ్గర జోగినాథం గారు నా కోసం నిలబడి ఉన్నారు.

"మట్టపాడువాళ్లు ఎవరైనా మిగిలారామ్మా, నీకు తెలిసి?" అన్నారు.

21వ రోజు, ఆదివారం

దినచర్య పుస్తకం అప్పగించమని మెమో వచ్చింది. రేపు అప్పగిస్తాను. ఇవాళ్టిది కూడా రాసేస్తే ఒక పని అయిపోతుంది.

పదకొండింటికి జోగినాథం గారితో గువ్వలంక రేవులో దిగాను. సత్తిపండు కట్ట మీద నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వలేదు కానీ, దిగడానికి చెయ్యి అందించాడు. స్టార్టర్ల మీది ఎర్ర రంగు గీకేశాడట. గోళ్ల నిండా ఎరుపే.

పోలమ్మ మూటలు ఇంకా విప్పలేదు. ఆయన అరుగు కింద నిలబడి చేతులు కట్టుకున్నారు.

"అమ్మా, మీ ఊరికి వచ్చిన కాగితం నేను రాసిందే" అన్నారు.

చుట్టూ చేరినవాళ్లలో ఒకడు ముందుకు దూకబోతే సత్తిపండు ఆపాడు. పోలమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. అప్పుడే పన్నెండయింది. పంపులు ఆగలేదు. ఆ మోత అలా వస్తూనే ఉంది.

"మా ఊరు సూసేరా బాబూ మీరు?"

"లేదమ్మా."

"పటంలో సూసేరా?"

"పేరు చూశాను."

ఆమె ఒక మూట పక్కకు జరిపి అరుగు మీద చోటు చేసింది. "కూకోండి. రేవు కాడ్నుంచి మొదలెట్టి ఈది ఈదీ సెప్తాను. ఏ ఇల్లు ఎవరిదో, ఏ గుమ్మంలో ఎవరు కూకునేవోరో. ఇయ్యాల అవ్వకపోతే రేపు. వొదల్ను మిమ్మల్ని."

ఆయన కూర్చున్నారు. అలవాటు కొద్దీ జేబులోంచి కలం తీశారు.

"రాయొద్దండి" అంది పోలమ్మ. "రాసింది సాలు. ఇనండి."

ఆయన కలం జేబులో పెట్టుకున్నారు. పక్కనే కూర్చుని, రాసుకోవడానికి తెరిచిన ఈ పుస్తకం నేనూ మూశాను. అందుకే ఆమె చెప్పిందేదీ ఇందులో లేదు.